లేపాక్షి గౌను అడిగితే ఫ్లెక్సీ చుట్టి ఇచ్చారు, ఇప్పుడేం చేయాలి?

వేరుశనగ_పాప
మాది అనంతపురం. ఫిబ్రవరిలో పెళ్లి. ముహూర్తానికి ధర్మవరం పట్టుచీర, అందులో రెండో మాట లేదు. రిసెప్షన్‌కి మాత్రం ఈవినింగ్ గౌను వేసుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. ప్రతి రిసెప్షన్‌లో కనిపించే ఆ వైన్ కలర్ సీక్విన్స్ గౌను వద్దు, లేపాక్షి గుడి గుర్తుకొచ్చేలా ఉండాలని ఒక బొటిక్‌లో చెప్పాను. ఫోన్‌లో ఫోటోలన్నీ చూపించాను. తలూపారు, కొలతలు తీసుకున్నారు, అడ్వాన్సూ తీసుకున్నారు.

నిన్న ట్రయల్‌కి పోతే శాటిన్ మీద స్తంభాల ఫోటో డిజిటల్ ప్రింట్ కొట్టించి ఏ-లైన్ గౌను కుట్టి పెట్టారు. నడుం దగ్గర అతుకు పడిన చోట స్తంభాలు విరిగి పక్కకు జరిగాయి. వెనకాల జిప్పు సరిగ్గా నంది మొహం మధ్యలో పడింది, సగం అటు సగం ఇటు. ఇదేందండీ అంటే "లేపాక్షి కావాలన్నారు, లేపాక్షే వేశాం కదమ్మా" అంటున్నారు. మా అమ్మమ్మ చూసి లెంపలేసుకుని, దేవుణ్ణి తీసుకొచ్చి కూర్చునే చోట పెట్టుకుంటావా అని ఒకటే గొడవ.

ఇలాంటిది ఎవరైనా కుట్టించుకున్నారా? కుట్టేవాళ్లకు ఏమని చెప్పాలి?

ఉగ్గాని_బజ్జీ
జిప్పు వేస్తే నంది నోరు మూసుకుంటుందా తెరుచుకుంటుందా, అది చెప్పు పాపా ముందు.

బురుజుబాబు
పనిలో పనిగా కింద "శుభాకాంక్షలతో మీ మిత్రబృందం" అని కూడా వేయించాల్సింది. కర్నూల్లో అయితే ఫ్రీగా వేసిచ్చేవాళ్లు.

సీతమ్మ_వాకిలి
నవ్వుతారేమప్పా. ఆ పిల్ల టెన్షన్‌లో ఉంది. నేను అమ్మమ్మ పక్షం. పెళ్లిలో గౌను వేసుకోనీ, ఎవరు వద్దన్నారు, కానీ దేవుడి బొమ్మలు బట్టల మీద వద్దు. ఉతకాలి, పిండాలి, కాళ్ల కింద పడుతుంది.

కుట్టుపని_కుమారి
కడపలో నాది చిన్న షాపు. మా వాళ్ల తరఫున కూడా ఒక మాట వినండి. కస్టమర్ గుడి ఫోటో చూపించి "ఇది కావాలి" అంటే టైలర్ బుర్రలోకి బొమ్మే వస్తుంది. బొమ్మకు సులువైన దారి ప్రింట్. ఇంకాస్త డబ్బులు పెడతామంటే మగ్గం వర్క్‌లో గోపురం కుట్టిస్తారు. రెండూ పైపూతే. కట్టడం గౌనులోకి రావాలంటే కటింగ్‌లో రావాలి. స్తంభం నిటారుగా లేస్తుంది కదా, ఆ గీత స్కర్ట్ మడతలో రావాలి. చూరు ముందుకు పొడుచుకొస్తుంది కదా, ఆ వంపు భుజం దగ్గరో నడుం దగ్గరో లోపల బక్రం (గట్టి గుడ్డ) పెట్టి నిలబెట్టాలి. చూసినవాళ్లకు వెంటనే "ఓ, లేపాక్షి" అని తట్టకపోయినా పర్లేదు, మనిషి నిలబడిన తీరులో ఆ రాతి బిగువు తెలియాలి.

అందుకే గుడి మొత్తం చూపించొద్దు. ఒక్కటి పట్టుకో. ఒక స్తంభం, లేకపోతే ఒక చూరు. ఆ ఒక్కదాన్ని ఎంత దూరం లాగగలమో చూద్దాం.

పెన్నాగట్టు
కుమారక్కతో ఒప్పుకోను. ప్రింట్ అంటే ఫ్లెక్సీ అనుకోవడం తప్పు. డోల్చే అండ్ గబ్బానా వాళ్లు 2013లో సిసిలీలోని మోన్రెయాలే చర్చి మొజాయిక్‌లను తీసుకుని ఒక కలెక్షనే చేశారు. బంగారు మొజాయిక్ బొమ్మలన్నీ గౌన్ల మీదే. 2018లో న్యూయార్క్ ఫ్యాషన్ వేడుక మెట్ గాలాకు అరియానా గ్రాండే వేసుకున్న వెరా వాంగ్ గౌను మీద ఉన్నది సిస్టీన్ చాపెల్ గోడ మీది మైకెలాంజెలో చిత్రం. వాటిని ఎవరూ ఫ్లెక్సీ అనలేదు కదా.

కుట్టుపని_కుమారి
@పెన్నాగట్టు ఆ స్థాయిలో ప్రింట్ వేసేటప్పుడు ముందు ప్యాటర్న్ తీస్తారు నాయనా. ఏ ముక్క ఎక్కడ కలుస్తుంది, అతుకు దగ్గర బొమ్మ ఎంత పోతుంది అని లెక్క వేసుకుని, ముక్క ముక్కకీ విడిగా బొమ్మ సర్ది, అప్పుడు గుడ్డ మీద కొడతారు. ఈ పాపకు మీటర్ల లెక్కన ప్రింట్ తెప్పించి మామూలు పూల గుడ్డ కత్తిరించినట్టు కత్తిరించేశారు. నంది మధ్యలోకి జిప్పు అలాగే వచ్చింది.

పెన్నాగట్టు
సరే, అదైతే ఒప్పుకుంటా. ప్రింట్ మీద కోపం మాత్రం వద్దు.

తాడిపత్రి_బండ
అసలు అందరికీ లేపాక్షేనా? అనంతపురం పిల్లవు, మీ జిల్లాలో ఉన్నది తాడిపత్రి. లేపాక్షి 2022 నుంచి సత్యసాయి జిల్లా. బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాలు చూసినావా ఎప్పుడైనా? పైన కట్టడం పూర్తి కాలేదు, ఉన్న కింది భాగంలో మాత్రం వేలు పెట్టే సందు లేకుండా చెక్కినారు. పక్కనే చింతల వెంకటరమణస్వామి గుడి ఉంది. అదీ చూసిరా.

వేరుశనగ_పాప
అన్నా, జిల్లాలు మార్చినప్పుడు గుడిని లారీలో ఎక్కించుకుని పోలేదు కదా, అక్కడే ఉంది. చిన్నప్పటి నుంచి ప్రతి సెలవుల్లో పోయేది అక్కడికే. నాకు లేపాక్షే కావాలి.

గండికోట_గాలి
గండికోట లోయ పొరలు పొరలుగా ఉంటుంది. లేయర్డ్ గౌనుకు అంతకంటే ఏం కావాలి? ఎర్రటి రాయి రంగు, కింద పెన్నా నది రంగులో ఒక చిన్న అంచు.

సివిల్_సుబ్బడు
అది పెన్నా కోసిన లోయ. కట్టడం కాదు. ఆర్కిటెక్ట్ పేరు రాయమంటే నది పేరు రాయాలి.

గండికోట_గాలి
రాయండి, ఫీజు అడగదు.

సివిల్_సుబ్బడు
మేస్త్రీలతో గొడవపడే ఉద్యోగం నాది, కుట్టు గురించి తెలీదు. కానీ కుమారక్క చెప్పిన "కటింగ్‌లో రావాలి" అన్నది మా లైన్‌లో కూడా నిజం. సిడ్నీ ఒపేరా హౌస్ తీసుకోండి. యోర్న్ ఊట్‌సన్ డిజైన్ 1957లో పోటీ గెలిచింది. గీసిన పైకప్పు పెంకులు చూడ్డానికి బ్రహ్మాండం, కట్టాలంటే మాత్రం ఒక్కో వంపూ ఒక్కో రకం. ఏళ్ల తరబడి తేలలేదు. చివరికి దొరికిన దారి ఏంటంటే, పెంకులన్నిటినీ ఒకే గోళం మీద నుంచి కోసిన ముక్కలుగా తీసుకోవడం. గోళం ఒకటే కాబట్టి వంపు ఒకటే, వంపు ఒకటే కాబట్టి అచ్చులు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. 1973లో తెరిచారు. గౌనులో కూడా అట్లాంటి ఒకే ముక్క, పదే పదే వచ్చేది, ఏదో ఒకటి ఉంటుంది కదా?

కుట్టుపని_కుమారి
ఉంది, స్కర్ట్‌లో పక్క పక్కన కలిపే ఆ ముక్కను కలీ అంటాం అన్నా. ఒక కలీకి పేపర్ ప్యాటర్న్ తీస్తే ఎన్ని కావాలంటే అన్ని అదే కాగితం పెట్టి కోసుకుంటాం. మీ సిడ్నీ ఆయన మా షాపుకొచ్చి ఒక పూట కూర్చునుంటే ఆ ఏళ్లు మిగిలేవి.

బురుజుబాబు
😂 ఆర్కిటెక్టులకు బట్టల పిచ్చి కొత్తేం కాదు. 1931లో న్యూయార్క్‌లో ఒక డ్యాన్స్ పార్టీకి ఆర్కిటెక్టులు ఎవరు కట్టిన బిల్డింగ్ వేషంలో వాళ్లు వచ్చారు. క్రైస్లర్ బిల్డింగ్ కట్టిన విలియం వాన్ అలెన్ నెత్తిన ఆ బిల్డింగ్ శిఖరమే పెట్టుకుని వచ్చాడు. ఫోటో ఇప్పటికీ తిరుగుతుంటుంది. మిగతావాళ్లు అట్టపెట్టెల్లో దూరినట్టు ఉంటారు, ఆయన ఒక్కడే పెళ్లికొడుకులా ఉంటాడు.

ఉగ్గాని_బజ్జీ
అయితే నువ్వు కొండారెడ్డి బురుజు నెత్తిన పెట్టుకుని రా ఈ పాప రిసెప్షన్‌కి.

బురుజుబాబు
భోజనాల దగ్గర ఎవరూ తోసుకుని ముందుకు పోలేరు. మంచి ఐడియానే.

మగ్గం_మనిషి
ధర్మవరం. మగ్గం మాదే. లేపాక్షి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. అక్కడ లతా మండపం అని ఉంది కదా, దాని స్తంభాలకు ఒక్కో వైపు ఒక్కో డిజైన్ చెక్కి ఉంటుంది. తీగలు, పూలు, హంసలు, గళ్లు. మా చీరల అంచుల్లోకి ఆ డిజైన్లు ఎప్పుడో వచ్చేశాయి. నాట్యమండపం పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న చీరలు చూడండి, ఒక్కో చీరదీ ఒక్కో నమూనా. అది రంగులేసిన గుడ్డల పుస్తకం మాకు.

కాబట్టి సీతమ్మక్క చెప్పినట్టు దేవుడి బొమ్మ వద్దు, కానీ ఆ తీగ, ఆ హంస అంచుకు నిరభ్యంతరంగా పోతాయి. చీర అంచు పాదాల మీదే కదా ఉండేది, ఎవరూ తప్పు పట్టలేదు.

సీతమ్మ_వాకిలి
హంస అయితే నాకు ఓకే. అమ్మమ్మకు కూడా అదే చెప్పు పాపా, ఒప్పుకుంటుంది.

కర్నూలు_కుప్పడం
కట్టడం అంచులోకి రావడం మా వైపు కూడా ఉంది. గద్వాల చీరలో అంచు నుంచి పైకి పళ్లు పళ్లుగా లేచే కోటకొమ్మ గుర్తుందా? కోట గోడ మీద చూసేది అదే వరస.

వేరుశనగ_పాప
@మగ్గం_మనిషి అన్నా, అయితే ధర్మవరం చీర తీసుకుని గౌనుగా కుట్టించుకోవచ్చా? యూట్యూబ్‌లో చీర గౌన్లు చాలా చూశాను.

మగ్గం_మనిషి
కుట్టొచ్చు. కత్తెర వేసేవాళ్లను చూసుకో. నేసేవాడికి కడుపు మండేలా కోస్తారు కొందరు.

కుట్టుపని_కుమారి
ఇక్కడే అందరూ బోల్తా పడతారు, కొంచెం ఓపిగ్గా చదువు. చీర అంచు పొడుగునా తిన్నగా ఉంటుంది. ఘేరు గౌను కలీలు కింద వెడల్పు, పైన సన్నం. కాబట్టి కింది అంచు గుండ్రంగా వంపు తిరుగుతుంది. తిన్నగా నేసిన జరీ అంచు ఆ వంపు మీద కూర్చోదు. అంచును విడిగా కోసి వంపు మీద కుట్టాలని చూస్తే పైవైపు ముడతలు పడి లేస్తుంది, ఇస్త్రీకి కూడా లొంగదు. యూట్యూబ్‌లో దూరం నుంచి తీస్తారు కాబట్టి నీకు కనపడదు.

నీ పని వేరు. నీకు కావాల్సింది స్తంభాలు. స్తంభం తిన్నగా ఉంటుంది, అంచు కూడా తిన్నగా ఉంటుంది. కలీలు వదిలేసి బాక్స్ ప్లీట్లు పెట్టు, అంటే రెండు పక్కలా గుడ్డ వెనక్కి మడిచి ముందు చదునుగా ఉంచే మడతలు. చీరను అడ్డంగా తిప్పి, అంచు కిందికి వచ్చేలా పట్టుకుని ప్లీట్లు వేస్తే ఒక్కో ప్లీటూ ఒక్కో స్తంభం ముఖం. లెక్క చెప్తా. బాక్స్ ప్లీట్‌కి గుడ్డ మూడింతలు పడుతుంది. తుంటి చుట్టుకొలత 40 అంగుళాలు అనుకుంటే 120 అంగుళాలు, అంటే సుమారు 3 మీటర్లు. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, మిగిలిన దాంట్లో పై భాగం వస్తుంది. చీర పన్నా 48 అంగుళాల దాకా ఉంటుంది, నడుం నుంచి నేల దాకా నీకు 42 పట్టినా ఇబ్బంది లేదు. పైన మిగిలిన రెండో అంచు తీసి మెడ దగ్గర వాడుకోవచ్చు. నడుం దగ్గర ఒక్కో ప్లీటునూ కొంచెం కొంచెం లోపలికి తీసుకుంటూ తుంటి దాకా కుట్టేయాలి, అక్కడి నుంచి వదిలేయాలి. నడిచినప్పుడు మడతలు విప్పుకుని లోపలి రంగు కనపడుతుంది.

సివిల్_సుబ్బడు
అక్కా, ఇది ఇనుప కడ్డీలు వంచడానికి మేం రాసుకునే బార్ బెండింగ్ షెడ్యూల్ కంటే క్లియర్‌గా ఉంది.

మగ్గం_మనిషి
బాక్స్ ప్లీట్ అయితే పట్టు మడత బాగా పట్టుకుంటుంది. కాకపోతే ఒళ్లంతా జరీ బుటాలున్న చీర తీసుకోవద్దు, మడత దగ్గర బుటా సగం తెగినట్టు కనిపిస్తుంది. ఒళ్లు ప్లెయిన్, అంచు పెద్దది. అదీ పెట్టుకో.

హిందూపురం_హేమ
లేపాక్షికి మాకు పావుగంట దారి. ఎవరూ చెప్పని ముక్క ఒకటి చెప్తా. లోపల కల్యాణ మండపం ఉంది చూడు, శివపార్వతుల పెళ్లి కోసమని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. స్తంభాలు నిలబడి ఉన్నాయి, పైన కప్పు లేదు, ఆకాశమే. పెళ్లి గౌనుకు అంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? కింద స్తంభాల్లాంటి ప్లీట్లు, పైన భుజాలు ఖాళీ.

పెన్నాగట్టు
అద్భుతం హేమా. గౌను మొత్తానికి ఇప్పుడు అర్థం వచ్చింది.

ఉగ్గాని_బజ్జీ
పెళ్లి మండపం కట్టడం ఆగిపోయిన కథ పెళ్లికి వేసుకుంటారా ఎవరైనా? కట్టించిన విరూపణ్ణకు ఏమైందో కూడా రిసెప్షన్‌లో చెప్తావా?

హిందూపురం_హేమ
ఆయన కళ్లు పోయిన కథ ఎవరికీ చెప్పక్కర్లేదులే. శిల్పాలు మాత్రం చూడనీ.

వేరుశనగ_పాప
హేమక్కా, నాకు ఒళ్లు జలదరించింది. ఇదే. కానీ "పైకప్పు లేని మండపం" అని మా అమ్మమ్మకు చెప్పాను. ఆమె ఒకటే ప్రశ్న: "అంటే చేతుల్లేవా?"

సీతమ్మ_వాకిలి
అమ్మమ్మ భలే పట్టేసింది.

కుట్టుపని_కుమారి
పైన లేత రంగు ఆర్గంజా పొర వేసి మెడ దాకా మూద్దాం. దూరానికి ఖాళీగా ఉంటుంది, దగ్గరికొస్తే అమ్మమ్మకు గుడ్డ ఉందని తెలుస్తుంది. భుజాల మీద ఆధారం లేని గౌను నిలబడాలంటే బాడీస్ (పై భాగం) లోపల బోనింగ్, అంటే సన్నటి గట్టి పుల్లలు పెట్టాలి, నడుం దగ్గర లోపల ఒక గట్టి పట్టీ బిగించాలి. బరువంతా ఆ పట్టీ మోయాలి. అది లేకపోతే రాత్రంతా పైకి లాక్కుంటూ నిలబడాల్సి వస్తుంది, ఫోటోల్లో చెయ్యి అక్కడే ఉంటుంది.

ప్రొద్దుటూరు_పసిడి
బరువు మాట వచ్చింది కాబట్టి మా చిన్నమ్మ కూతురి సంగతి. రిసెప్షన్‌కి ఎంత బరువు గౌను తొడిగారంటే, స్టేజీ మీద సోఫాలో కూర్చుంటే లోపల ఉబ్బు కోసం వేసిన క్యాన్‌క్యాన్ నెట్ మొత్తం ముందుకు లేచి మొహానికి అడ్డం వచ్చింది. పెళ్లికొడుకు దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. ఆల్బంలో సగం ఫోటోల్లో అతను ఏదో పిండి కలుపుతున్నట్టు ఉంటాడు.

పెన్నాగట్టు
బరువు ఎంత అన్నది కాదు, ఎక్కడ మోస్తున్నాం అన్నదే లెక్క. చార్లెస్ జేమ్స్ అని అమెరికాలో ఒక డిజైనర్, గౌన్లను ఇంజనీరింగ్‌లా కట్టేవాడని పేరు. 1953లో చేసిన క్లోవర్ లీఫ్ గౌను బరువు దాదాపు నాలుగున్నర కిలోలు, కింద నాలుగు రేకుల్లా విచ్చుకుని ఉంటుంది. లోపలి కట్టుబడి వల్ల బరువంతా తుంటి మీద సమానంగా పడి, వేసుకున్నామె హాయిగా డ్యాన్స్ చేయగలిగేది. కుమారక్క చెప్పిన పట్టీ సంగతి అదే.

సివిల్_సుబ్బడు
లోడ్ ట్రాన్స్‌ఫర్. మేం కూడా స్లాబు బరువు దూలానికి, దూలానిది స్తంభానికి పంపేది ఇందుకే.

తాడిపత్రి_బండ
పాపా, స్తంభాలు అంటున్నావు కదా, లేపాక్షిలో వేలాడే స్తంభం సంగతి ఏం చేస్తావు? అది లేకుంటే లేపాక్షి అని ఎవరు నమ్ముతారు?

హిందూపురం_హేమ
మంచి ప్రశ్న. ఆ స్తంభం నేలకు పూర్తిగా ఆనదు, జనం కింద గుడ్డ పెట్టి ఇటు నుంచి అటు లాగి చూస్తారు. గౌనులో చెప్పాలంటే ముందు మధ్య ప్లీటు ఒక్కటి నేల తాకకూడదు.

కుట్టుపని_కుమారి
హేమా, నీకు తెలీకుండానే టైలర్ మాట చెప్పావు. నేల దాకా ఉండే ఏ గౌనుకైనా ముందు భాగం ఒక అంగుళం పైకి తీయాలి, లేకపోతే అడుగు వేసినప్పుడల్లా బొటనవేలు తగిలి ముందుకు పడతారు. ఆ మధ్య ప్లీటును ఇంకో అరంగుళం ఎత్తి, లోపల రాగి రంగు లైనింగ్ వేస్తే నడిచినప్పుడు కింద ఒక వెలుగు గీత కనపడుతుంది. చూసినవాడికి తెలిస్తే తెలుస్తుంది, లేకుంటే లేదు.

బురుజుబాబు
రాగి అన్నారు కాబట్టి ఇంకొకటి. 2022 మెట్ గాలాకు బ్లేక్ లైవ్లీ వేసుకున్న వెర్సాచే గౌను గుర్తుందా? న్యూయార్క్ కట్టడాలే దాని కథ. ముందు రాగి రంగులో కనిపించి, మెట్ల మీద ఆ పెద్ద బో విప్పగానే పచ్చ నీలం రంగు బయటపడింది. లిబర్టీ విగ్రహం రాగిది, గాలికి వానకు పచ్చబడిపోయింది కదా, అది చెప్పడానికి.

వేరుశనగ_పాప
అది చూశాను! మెట్ల మీద విప్పడానికి నలుగురు మనుషులు కావాలి. మా ఫంక్షన్ హాల్లో స్టేజీకి ఉన్నవే నాలుగు మెట్లు.

పెన్నాగట్టు
బో వద్దులే. కానీ రంగు మారే ఆలోచన తీసుకో. బయట రాతి బూడిద రంగు, ప్లీటు లోపల లేపాక్షి బొమ్మల ఎర్రమట్టి రంగు. నిలబడితే రాయి, నడిస్తే పైకప్పు బొమ్మలు.

కర్నూలు_కుప్పడం
పెళ్లికూతురు బూడిద రంగా? ఫోటోగ్రాఫర్ ఏడుస్తాడు. ఆ ఎల్ఈడీ లైట్ల కింద పోర్ట్‌ల్యాండ్ సిమెంట్ లాగా ఉంటుంది.

సీతమ్మ_వాకిలి
శుభమా అని పెళ్లి చేసుకుంటూ బూడిద రంగేందమ్మా. నేనూ ఒప్పుకోను.

పెన్నాగట్టు
గంధం రంగు? ఎండ పడినప్పుడు ఆ రాయి అట్లే ఉంటుంది.

మగ్గం_మనిషి
గంధం రంగు ఒళ్లు, అరక్కు ఎరుపు అంచు. ఎవరూ కాదనరు. అంచులో లతా మండపం తీగ. కానీ బయట కొన్న చీరలో నీకు కావాల్సిన తీగే దొరుకుతుందని చెప్పలేను. కొత్తగా నేయిస్తే ముందు డిజైన్ గ్రాఫ్ మీద గీయాలి, మగ్గం మీద డిజైన్ నేసే జాకార్డ్‌కు అట్టలు కొట్టించాలి, ఆ ఖర్చు ఒక్క చీర మీద పడుతుంది. వాడుకలో ఉన్న డిజైన్లలోనే వెతుక్కో. ఒకరోజు వస్తే మా వీధిలో నాలుగిళ్లు తిప్పి చూపిస్తా.

గండికోట_గాలి
అన్నా, ఆ ప్రింట్ గౌను అడ్వాన్స్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

కుట్టుపని_కుమారి
గుడ్డ, ప్రింటింగ్ ఖర్చు వాళ్లు వెనక్కివ్వరు. కుట్టు కూలి మాత్రం గట్టిగా అడుగు. ట్రయల్‌కి ముందు ప్యాటర్న్ గానీ ప్రింట్ శాంపిల్ గానీ చూపించలేదు కదా, ఆ మాట పట్టుకో. అరిచి ప్రయోజనం లేదు, మళ్లీ పెళ్లి జాకెట్లకు ఊళ్లో వాళ్ల దగ్గరికే పోవాలి. ఇకముందు ఎవరి దగ్గర కుట్టించినా సరే, అసలు గుడ్డ మీద కత్తెర పడకముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టి తొడిగి చూపించమను. కూర్చో, లే, చేతులు పైకెత్తు, వంగి పెద్దల కాళ్లకు దండం పెట్టు. రిసెప్షన్‌లో నువ్వు ఎక్కువ చేసేది అదే.

ప్రొద్దుటూరు_పసిడి
కాళ్లకు దండం టెస్ట్! ఇది మా చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. వంగింది, లేవలేకపోయింది. పైకి లేపడానికి ఆడపడుచులు వచ్చారు.

వేరుశనగ_పాప
అక్కా, నేను కడపకే వస్తా. మీరే కుట్టండి. ఆదివారం ధర్మవరం పోతే మగ్గం అన్న చీరలు చూపిస్తాడు కదా.

మగ్గం_మనిషి
రా అమ్మా. ముందు ఫోన్ చేసి రా, ఆదివారం అంతా మార్కెట్ వైపు ఉంటాం.

ఉగ్గాని_బజ్జీ
అమ్మాయి కల్యాణ మండపం, బాగుంది. మరి అబ్బాయి ఏం వేసుకుంటాడు? వేలాడే స్తంభమా?

వేరుశనగ_పాప
అడిగాను. "నాకు బ్లేజర్ ఉంది" అన్నాడు.

సివిల్_సుబ్బడు
కరెక్ట్ వేలాడే స్తంభం. దేన్నీ మోయడు, అక్కడే నిలబడి ఉంటాడు.

కుట్టుపని_కుమారి
పాపా, వచ్చేటప్పుడు రిసెప్షన్‌కి వేసుకునే చెప్పులు కూడా తీసుకురా. హీల్ ఎత్తు తేలకుండా నేను నేల కొలత తీయను. చీర అంచు కింద ఉంటుంది కాబట్టి తర్వాత పొట్టి చేయాలంటే నడుం మొత్తం విప్పాలి.